లాంచీ మీద చెప్పిన పేరు

నూర్ మొహమ్మద్ కనబడకుండా పోయింది ఒక శుక్రవారం నాడు. మీరా హుస్సేన్‌కి మాత్రం ఆ రోజు మామూలు శుక్రవారంలాగే గడిచిపోయింది. పొద్దున్నే కూర్చుని ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దాడు. జుమ్మా నమాజుకు వెళ్లొచ్చాడు. వంకాయ కూర వండుకుని తిని ఒక కునుకు తీశాడు. సాయంత్రం మబ్బు పట్టి ఖోర్ ఫక్కాన్ కొండల మీద రెండు మూడు మెరుపులు మెరిస్తే, బాల్కనీలో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చాడు. వాటిలో నూర్ మొహమ్మద్ లుంగీ కూడా ఉంటే మడతపెట్టి అతని మంచం మీద ఉంచాడు.

శనివారం పొద్దున అతను బడికి బయలుదేరేటప్పుడు ఆ లుంగీ మడత విప్పకుండా అలాగే ఉంది. తొమ్మిదింటికి టైర్ల షాపు ముదీర్, అంటే మేనేజరు, బడికే ఫోన్ చేసి, మీ చెల్లెలి మొగుడు ఇంకా రాలేదేమని అడిగాడు.

నూర్ మొహమ్మద్‌ది ఉదయగిరి దగ్గర ఊరు. పంక్చర్లు వేసే పని అక్కడే నేర్చుకున్నాడు. ఆ పని మీదే మూడేళ్ల కిందట మీరా హుస్సేన్ అతనికి వీసా ఇప్పించి దుబాయ్ వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఈ ఖోర్ ఫక్కాన్‌కి తెచ్చాడు. ఆరేళ్లుగా ఇక్కడి ఇండియన్ స్కూల్లో పనిచేస్తున్నవాడు కాబట్టి మాట సాయం చేయగలిగాడు. నూర్ కొండల మధ్య పుట్టి పెరిగినవాడు, దుబాయ్ వచ్చేదాకా సముద్రం చూడలేదు. చూశాక ఇక వదల్లేదు. మొదట ఒడ్డున కూర్చుని చూసేవాడు. తర్వాత వలలు లాగేవాళ్లతో కలిసి ఒక చెయ్యి వేశాడు. ఏడాది తిరిగేసరికి పక్కనున్న దిబ్బా రేవులో ఒక చేపల లాంచీ మీద వారానికొక రోజు పనికి కుదిరాడు. గురువారం రాత్రి షాపు కట్టేశాక వెళ్లి శనివారం తెల్లవారుజామున తిరిగొచ్చేవాడు. ఒళ్లంతా ఉప్పు వాసన, చేతిలో చేపల సంచీ, ముఖం నిండా నవ్వు.

కుదిరే ముందు బావను సలహా అడిగాడు. మీరా హుస్సేన్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి మరీ చెప్పాడు. టైర్ల షాపు వీసా మీద ఉన్నవాడు ఇంకొకడి దగ్గర పని చేస్తూ దొరికితే జైల్లో వేస్తారు, వేలిముద్రలు తీసుకుని ఊరికి పంపేస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు. వెళ్లాలని ఉంటే వెళ్లు. లాంచీ మీద మాత్రం ఎవరికీ నీ పేరు చెప్పకు, ఏ పుస్తకంలోనూ రాయించుకోకు. నూర్ మొహమ్మద్ బుద్ధిగా తల ఊపాడు. బావ మాటకు ఎదురు చెప్పడం అతనికి తెలియదు.

ఆ శనివారం నుంచి మీరా హుస్సేన్ తిరగని చోటు లేదు. దిబ్బాలో లాంచీ తాలూకు ఏజెంటు, నూర్ మొహమ్మద్ అనే మనిషి మా లాంచీ ఎప్పుడూ ఎక్కలేదన్నాడు. ఆ లాంచీలు వేటకు వెళ్లేది ఒమాన్ వైపు నీళ్లలోకి, అక్కడ జరిగినవాటికి ఏమీ చేయలేమన్నారు ఇక్కడి పోలీసులు. ఆ మనిషి లాంచీ ఎక్కినట్టు కాగితం ఉందా అని అడిగారు. అలాంటి కాగితం పుట్టకుండా జాగ్రత్తపడిన మనిషి తనే కాబట్టి మీరా హుస్సేన్ లేదన్నాడు. నూర్ వీసాకు పూచీ ఉన్న టైర్ల షాపు యజమాని, కఫీల్, చెడ్డవాడు కాదు. నాలుగు రోజులు ఆగాడు. ఐదో రోజున, పనిలోకి రానివాడి గురించి చెప్పకపోతే తన మీదికి వస్తుందని, నూర్ మొహమ్మద్ పారిపోయాడని లేబర్ ఆఫీసులో రాయించాడు. చేతులు పట్టుకుని క్షమించమన్నాడు కూడా.

మీరా హుస్సేన్ చెప్పకముందే ఆ కబురు ఊరు చేరింది. చెల్లెలు వజీరాబీ పక్కింటి సర్వర్ బేగం ఫోను నుంచి మాట్లాడింది. ఏడవలేదు. ఏడిస్తే మాట తెలియదని కాబోలు, ముందే ఏడ్చి వచ్చినట్టుంది.

“అన్నా, ఊళ్లో అందరూ పారిపోయాడంటుండారు. ఎవత్తెనో పెట్టుకున్నాడంటుండారు. ఆయన ఉన్నాడా లేడా, ఆ ఒక్క మాట చెప్పు. మెళ్లో నల్లపూసలు ఉంచుకోవాల్నో తీసేయాల్నో నాకు తెలియడంలా.”

కనుక్కుంటానని అతను చెప్పాడు. తర్వాత ఊరి మసీదులో నమాజు చదివించే హజ్రత్‌తో కూడా ఫోన్లో మాట్లాడాడు. మనిషి పోయాడని చూసినవాళ్లు ఇద్దరు చెప్పాలి, అప్పుడే ఇక్కడ జనాజా నమాజ్ చదువుతాం, ఆ రోజు నుంచే వజీరాబీ ఇద్దత్ మొదలవుతుంది అన్నాడు హజ్రత్. ఇద్దత్ అంటే మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా గడిపే గడువు. ఆ గడువు మొదలైతేనే కదా ఎప్పటికైనా ముగిసేది. వాళ్లిద్దరూ తమ మాట కాగితం మీద రాసి సంతకాలు పెట్టి పంపినా చాలునన్నాడు.

ఖోర్ ఫక్కాన్ ఫ్లాటులో నాలుగు మంచాలు ఉండేవి. మిగతా రెండింటిలో ఒకటి భీమరాజుది, ఒకటి సోహైల్‌ది. భీమరాజు తణుకు వైపు మనిషి, ఏసీలు బాగుచేస్తాడు. సోహైల్ హైదరాబాదువాడు, పోర్టులో కంటైనర్లు లెక్క రాసుకునే గుమాస్తా. లాంచీలకు ఐసు మోసే ఒక బోటు మనిషి దగ్గర సోహైలే కూపీ లాగాడు. ఆ శుక్రవారం ఆ లాంచీ నుంచి ఒకడు నీళ్లలో పడ్డాడట. అప్పట్నుంచి లాంచీ ఇటు ఒడ్డుకు రావడం మానేసిందట. వాన పట్టిన రోజుల్లో దిబ్బా దాటాక కొండల మధ్యకు పాములా దూరిపోయే ఒక సముద్రపు పాయలో లంగరు వేసుకుని పడుకుంటోందట. ఆ పాయలకు రోడ్డు లేదు. మామూలు మనుషులు అక్కడికి వెళ్లాలంటే ఒక్కటే దారి, టూరిస్టులను రాత్రి బసకు తీసుకెళ్లే పిక్నిక్ పడవ.

“పిక్నిక్‌కే పోదాం సాబ్. ఎందుకు పోతున్నమో వానికి చెప్పొద్దు. చెప్తే పడవ ఇప్పడు,” అన్నాడు సోహైల్.

అలా నూర్ మొహమ్మద్ పోయిన పదమూడో రోజున, గురువారం మధ్యాహ్నం, ముగ్గురు మగవాళ్లు భుజాలకు తువ్వాళ్లు వేసుకుని దిబ్బా రేవులో పిక్నిక్ పడవ ఎక్కారు. 2006 జనవరి, అక్కడ వానలు పడే కాలం. పొద్దుట్నుంచీ సన్నగా వాన. మిగతా టూరిస్టులు మానుకున్నారు కాబట్టి పెద్ద పడవలో వాళ్లు ముగ్గురే. కెప్టెన్ పొన్నాని నుంచి వచ్చిన మలయాళీ, నలభై ఏళ్లు దాటినవాడు, అతి మంచివాడు. ముగ్గురే వచ్చినా ముప్పై మంది వచ్చినా తన పద్ధతి మారదని ముందే చెప్పాడు. ఎర్ర తివాచీ మీద దిండ్లు సర్ది కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు పెట్టాడు, టీ పోశాడు. పాటలు పెట్టబోతే సోహైల్ తనకు తలనొప్పిగా ఉందన్నాడు. కెప్టెన్ పాట ఆపి తలనొప్పి మాత్ర తెచ్చి ఇచ్చి, మింగేదాకా పక్కనే నిలబడ్డాడు.

పడవ ఒడ్డు విడిచిన గంటకు కొండలు మొదలయ్యాయి. నీళ్లలోంచి నిటారుగా లేచిన బూడిదరంగు కొండలు. ఏడాదికి నాలుగు చినుకులు కూడా చూడని ఆ రాళ్ల మీద ఆ రోజు పైనుంచి కిందికి వందల నీటిదారాలు జారుతున్నాయి. కొన్నిచోట్ల ఎర్రటి బురదనీరు సముద్రంలో కలిసి చాలా దూరం విడిగా సాగుతోంది. ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. వెనక్కి చూస్తే వచ్చిన దారి మూసుకుపోయినట్టుంది. రాతి అరుగుల మీద మేకలు తడుస్తూ నిలబడి ఉన్నాయి. ఎవరివో, ఎక్కడ్నుంచి వచ్చాయో. ఇంకొక సమయంలో అయితే మీరా హుస్సేన్ ఇదంతా చూసి, శనివారం బడిలో పిల్లలకు చెప్పడానికి మనసులో వాక్యాలు పేర్చుకునేవాడు. ఇప్పుడు అతని కళ్లు కొండ మొదళ్లలోనే తిరుగుతున్నాయి. అక్కడ కొట్టుకొచ్చి ఆగిన ప్రతి చెక్క, ప్రతి గోనె, ప్రతి థర్మోకోల్ ముక్క అతన్ని సగం లేపి మళ్లీ కూర్చోబెడుతోంది.

డాల్ఫిన్లు ఉండే చోటుకి వచ్చాక కెప్టెన్ ఇంజను ఆపేశాడు. చప్పట్లు కొట్టమన్నాడు, చప్పట్లు కొడితే వస్తాయట. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొట్టకపోతే వచ్చిన పని బయటపడుతుంది. భీమరాజు మొదలుపెట్టాడు. సోహైల్ కలిశాడు. మీరా హుస్సేన్ కూడా చేతులెత్తి వానలో నిలబడి చప్పట్లు కొట్టాడు. తన బావమరిదిని మింగిన నీళ్లకు తను చప్పట్లు కొడుతున్నాడని అతనికి తెలుస్తూనే ఉంది. డాల్ఫిన్లు రాలేదు. కెప్టెన్ చాలా నొచ్చుకుని, దానికి బదులుగా రేపు ఇంకో అరగంట ఎక్కువ తిప్పుతానన్నాడు.

“ఈయన మంచితనం మన ప్రాణం తీసేలా ఉందండి మాస్టారూ,” అన్నాడు భీమరాజు పళ్ల సందుల్లోంచి.

సాయంత్రానికి పడవ రాత్రి బసకు ఒక పాయలోకి తిరిగింది. మూడు వైపులా కొండ. గాలి లేదు గానీ వాన పెద్దదయింది. పాయ చివర, కొండ కింద, లాంతరు వెలిగించుకుని ఒక చేపల లాంచీ ఉంది. పక్కన ఆకుపచ్చ అక్షరాలతో నంబరు. ఐసు బోటు మనిషి చెప్పిన నంబరు అదేనని చూసి సోహైల్ మీరా హుస్సేన్ మోకాలి మీద చెయ్యి వేశాడు.

దాని దగ్గరికి ఎలా వెళ్లాలా అని వాళ్లు ఆలోచిస్తుండగా కెప్టెనే మాట ఎత్తాడు. రాత్రి భోజనానికి చేపలు లాంచీల దగ్గరే తీసుకోవడం తనకు అలవాటట. తాగే నీళ్లిచ్చి చేపలు తెచ్చుకుంటాడు. సరదాగా చూడాలనుంటే మీరూ రండి అన్నాడు. చిన్న బోటులో నలుగురూ వెళ్లారు.

లాంచీ మీద టార్పాలిన్ కింద ఎనిమిది మంది ఉన్నారు. నాఖుదా, అంటే లాంచీ నడిపే పెద్ద, కచ్ వైపు ముసలాయన. గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం. వాళ్లు వెళ్లేసరికి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ అయింది. నాఖుదా అతిథులను చూసి నమాజుకు చోటు చేశాడు. మీరా హుస్సేన్, సోహైల్ వాళ్ల వరసలో కలిసి నిలబడ్డారు. టార్పాలిన్ మీద వాన మోతకు నాఖుదా గొంతు సరిగా వినబడలేదు. తర్వాత పాలు లేని టీ ఇచ్చారు. కెప్టెన్ చేపలు ఏరుకోవడానికి వెనక వైపుకి వెళ్లాడు. మీరా హుస్సేన్ తన పేరు చెప్పలేదు, ఖోర్ ఫక్కాన్‌లో టీచర్నని మాత్రం చెప్పి, నూర్ మొహమ్మద్ గురించి అడిగాడు.

నాఖుదా టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ పేరుగలవాడు తన లాంచీ ఎప్పుడూ ఎక్కలేదన్నాడు. నమాజ్ చేసిన నోటితో చెబుతున్నాను అన్నాడు. పద్నాలుగేళ్లుగా పిల్లల ముఖాలు చూసి అబద్ధం పట్టుకునే మీరా హుస్సేన్‌కి ఆ ముఖంలో అబద్ధం కనబడలేదు. అది అతన్ని ఇంకా భయపెట్టింది. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో ఉన్న ఫోటో నాఖుదా చేతికిచ్చాడు. పోయిన రంజాన్ పండక్కి ఫ్లాటులో నలుగురూ కలిసి తీయించుకున్న ఫోటో.

నాఖుదా లాంతరు దగ్గరికి పెట్టుకుని చూశాడు. బొటనవేలు నూర్ మొహమ్మద్ ముఖం మీద ఆగింది.

“ఇతనా? ఇతను మీరా హుస్సేన్ కదా,” అన్నాడు హిందీలో.

భీమరాజు ఏదో అనబోతే సోహైల్ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాఖుదా చెప్పుకుంటూ పోయాడు. ఆ శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు వేళకు వల అడుగున రాతికి తగులుకుంది. వాళ్ల మీరా హుస్సేన్ అంచు మీదికి వంగి విడిపించబోయాడు. తాడు ఒక్కసారిగా బిగిసి కాలికి చుట్టుకుంది. నాఖుదా, వంటవాడు ఇద్దరూ చూశారు. తాడు కోసేలోపల మనిషి లేడు. చీకటిపడేదాకా, మర్నాడు మధ్యాహ్నందాకా అక్కడక్కడే తిరిగారు. కోస్ట్ గార్డుకు చెప్పలేదు, చెబితే లాంచీ పోతుంది, ఇంతమంది పొట్టలు కొట్టినట్టవుతుంది. ఆ తప్పు తనదేనని నాఖుదా తల దించుకున్నాడు. కానీ జనాజా నమాజ్ మాత్రం మానలేదన్నాడు. శవం లేకపోయినా లాంచీ మీదే వరసగా నిలబడి మీరా హుస్సేన్ పేరు మీద చదివాం, అల్లా అతన్ని మన్నించుగాక అన్నాడు. సోహైల్ అలవాటుగా ఆమీన్ అనేసి, ఏమన్నాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

వంటవాడు కళింగపట్నం నుంచి వచ్చిన పెద్దాయన. వీళ్లు తెలుగువాళ్లని తెలిసి దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

“మంచోడు బాబూ. ఒడ్డు మీద ఇస్కూల్లో లెక్కలు సెప్తానని సెప్పీవోడు. మావు నవ్వీవోళ్లం, ఆ సేతులు సూస్తే టైర్ల నలుపు. మొదటి దినం పేరేటని నాఖుదా అడిగితే, లేసి నిలబడి మరీ సెప్పినాడు, మీరా హుస్సేన్ అని. అంత గట్టిగా పేరు సెప్పినోణ్ణి నాను సూడ్లేదు.”

పేరు చెప్పకు అని బావ అన్నాడు. పేరు అడిగితే ఏదో ఒకటి చెప్పాలి. అతనికి వెంటనే నోటికొచ్చిన పేరు, గౌరవంగా చెప్పుకోదగ్గ పేరు ఒక్కటే. మీరా హుస్సేన్‌కి ఇదంతా అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

నాఖుదా అతని ముఖం చూసి, మీరు అతని ఇంటివాళ్లు అయ్యుంటారు అన్నాడు. పెళ్లాం ఉందా అని అడిగాడు. ఉందని సోహైల్ చెప్పాడు. ఇద్దత్ సంగతి, హజ్రత్ అడిగిన రెండు సంతకాల సంగతి కూడా చెప్పాడు. నాఖుదా చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరికి, పోలీసులకు ఇవ్వనని మాట ఇస్తే, మసీదు కోసమైతే కాగితం ఇస్తానన్నాడు. తనకు గుజరాతీ తప్ప రాదు. టీచరుగారు మీరే మీ భాషలో రాయండి, జరిగింది జరిగినట్టు రాసి నాకు చదివి చెప్పండి, నేను సంతకం పెడతాను, వంటవాడు వేలిముద్ర వేస్తాడు అన్నాడు. ఐసు లెక్క రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, బాల్‌పెన్నుతో సహా మీరా హుస్సేన్ ముందు పెట్టాడు.

మీరా హుస్సేన్ తేదీ రాశాడు. పాయ పేరు రాశాడు. అసర్ వేళ అని రాశాడు. తర్వాత పెన్ను ఆగింది.

“నూర్ మొహమ్మద్ అని రాసెయ్యండి మాస్టారూ,” అన్నాడు భీమరాజు, వాన చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా. “చదివేటప్పుడు ఆ పేరు చదవండి. రాసేటప్పుడు ఈ పేరు రాయండి. ఎవడికి తెలుస్తుందండి? పెద్దాయనకు తెలుగు చదవడం రాదు. చచ్చింది నూరే కదా, ఇందులో అబద్ధం ఏముంది?”

నిజమే. చచ్చింది నూరే. కాగితం మీద నిజమే ఉంటుంది. నోటితో చదివిందే అబద్ధం అవుతుంది, అదీ ఈ లాంచీ మీద ఈ ఒక్క నిమిషం. చెల్లెలి గొంతు మీరా హుస్సేన్ చెవిలో ఉంది. పెన్ను కాగితానికి ఆనించాడు కూడా. ఎదురుగా నాఖుదా వేచి చూస్తున్నాడు. ఏమి రాసినా నమ్మి సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్న ముసలాయన. పరాయివాడు తనకు రాని అక్షరాలను నమ్మి ఎదుటివాడి చేతుల్లో పెడితే వాటితో మోసం చేయడం మీరా హుస్సేన్‌కి చేతకాలేదు. అది మంచితనమో, అలవాటో, లేక ఈసారైనా పేరు దాచకూడదన్న మొండితనమో అతనికే తెలియదు.

“చాచా, ఇతని పేరు నూర్ మొహమ్మద్,” అన్నాడు ఫోటో మీద వేలు పెట్టి. “మీరా హుస్సేన్‌ని నేను.”

నాఖుదా ఫోటో చూశాడు, అతన్ని చూశాడు. నూర్ పక్కన నిలబడి ఉన్నది ఇతనే. ముసలాయన ముఖంలో జాలి తగ్గుతూ భయం పెరగడం మీరా హుస్సేన్ కళ్లారా చూశాడు. తను జనాజా నమాజ్ చదివిన పేరుగల మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. తన కళ్లముందు మునిగినవాడికి పేరే లేదు. ముఖం ఒకటే కదా చాచా, మీరు గుర్తుపట్టారు కదా, పేరు ఒక్కటే తప్పు, ఆ తప్పు నేను నేర్పిందే అని మీరా హుస్సేన్ చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. నాఖుదా వినడం మానేశాడు. కాగితం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

“దొంగ పేరు మీద నా చేత దేవుడి ముందు నమాజ్ చదివించాడు. ఇవాళ నువ్వొచ్చి వేరే పేరు అంటున్నావు. రేపు పోలీసు వచ్చి మూడో పేరు అంటాడు. నేను ఎవరినీ చూడలేదు మాస్టర్. ఖలాస్.”

సోహైల్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. వంటాయన కూడా తనకొచ్చిన హిందీలో ఏదో చెప్పబోయాడు. నాఖుదా ఒక్క చూపు చూసేసరికి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. ఈలోగా కెప్టెన్ రెండు పెద్ద షేరీ చేపలు చేతిలో ఊపుకుంటూ నవ్వుతూ వచ్చి, యల్లా, పదండి, భోజనానికి ఆలస్యమవుతుందన్నాడు.

పిక్నిక్ పడవ మీద కెప్టెన్ ఆ చేపలకు మసాలా పట్టించి నిప్పుల మీద కాల్చాడు. తినకపోతే బాధపడతాడని ముగ్గురూ తిన్నారు. అతను పడుకున్నాక భీమరాజు నోరు విప్పాడు. కోపంలో మెల్లగా మాట్లాడటం రాని మనిషి మెల్లగానే మాట్లాడాడు. మీ ఒక్క మాట పట్టింపుకి అక్కడ ఆడమనిషి జీవితం ఆగిపోయిందండి, మీకు పుణ్యం కావాలి, ఆవిడకి కాగితం కావాలి అన్నాడు. సోహైలే, ఊకో భీమన్నా, ఆయన ప్లేసుల నువ్వుంటే ఏం రాస్తుంటివో నాకెరుకే గానీ, ఆయన ఆయనే కదా అన్నాడు. కాసేపటికి భీమరాజు తన దుప్పటి తెచ్చి మీరా హుస్సేన్ భుజాల మీద కప్పి అవతలికి తిరిగి పడుకున్నాడు.

మీరా హుస్సేన్ దిండుకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. చీకట్లో కొండలు కనబడలేదు. వాటి మీంచి నీళ్లు జారే చప్పుడు మాత్రం మూడు వైపుల నుంచీ వినబడుతోంది. మధ్యలో ఎక్కడో రాళ్లు దొర్లి నీళ్లలో పడ్డాయి. ఎదురుగా లాంచీ లాంతరు చాలాసేపు వెలిగి ఆరిపోయింది. మళ్లీ అక్కడికి వెళ్లి, సరే, మీరు చదివిన పేరే రాసుకుందాం అని చెబితే ఏమవుతుందని ఆలోచించాడు. ఆ కాగితం ఊరు చేరితే అందులో చనిపోయేది తను. దాంతో వజీరాబీకి అన్న పోతాడు, మొగుడు పోడు. ఆ లెక్క ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చింది.

తెల్లవారేసరికి లాంచీ లేదు. వానలోనే లంగరు ఎత్తి వెళ్లిపోయింది. ఎటు వెళ్లి ఉంటుందని కెప్టెన్‌ని అడిగితే, చేపలు ఎటుంటే అటు అన్నాడు. మాట ఇచ్చాడు కాబట్టి మరో అరగంట డాల్ఫిన్ల కోసం తిప్పాడు. రెండు వచ్చాయి. పడవ ముందు వంపుగా లేచి మునిగాయి. కెప్టెన్ చిన్నపిల్లాడిలా సంబరపడి, చూశారా, మీ అదృష్టం బావుంది అన్నాడు. చూశామని ముగ్గురూ చెప్పారు.

దిబ్బా దగ్గరకు వచ్చాక ఫోనుకి సిగ్నల్ వచ్చింది. సర్వర్ బేగం నంబరు నుంచి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. రేవులో దిగాక, చేపల గంపల పక్కన వానకు నిలబడి మీరా హుస్సేన్ ఫోన్ చేశాడు. వజీరాబీ వెంటనే ఎత్తింది. పక్కింట్లోనే కూర్చుని ఉన్నట్టుంది.

“అమ్మా, ఆయన లేడు,” అన్నాడు. “పారిపోలేదు. పనిలోనే పోయాడు.”

చూసినవాళ్లు ఉన్నారా అని ఆమె అడిగింది. ఉన్నారన్నాడు. వాళ్లు ఏమని చెప్పారని అడిగింది. అతను వల సంగతి, తాడు సంగతి చెప్పాడు. అందరూ వెతికారని చెప్పాడు. నమాజ్ చదివారని చెప్పబోయి ఆగాడు. వాళ్ల చేత కాగితం రాయించావా అన్నా అని ఆమె అడిగింది. రాయిస్తానన్నాడు. అలా అనకూడదని తెలిసీ అన్నాడు.

హజ్రత్ మాత్రం మారలేదు. మీరా హుస్సేన్ ఎంత నిజాయితీపరుడో తనకు తెలుసన్నాడు, కానీ అతను విన్నవాడే గాని చూసినవాడు కాదన్నాడు. ఆ వానాకాలం అయ్యాక మీరా హుస్సేన్ ఇంకో మూడుసార్లు అదే పిక్నిక్ పడవలో వెళ్లాడు, మూడుసార్లూ చప్పట్లు కొట్టాడు. ఆకుపచ్చ నంబరు లాంచీ ఏ పాయలోనూ కనబడలేదు. దాన్ని ఇరాన్ వైపు ఎవరికో అమ్మేశారని ఐసు బోటు మనిషి చెప్పాడు. కళింగపట్నానికి రాసిన ఉత్తరానికి జవాబు లేదు, వంటాయన పేరు అడగలేదు కాబట్టి ఆ ఉత్తరం ఎవరికి చేరిందో కూడా తెలియదు.

లేబర్ ఆఫీసు కాగితాల్లో నూర్ మొహమ్మద్ ఇప్పటికీ పారిపోయినవాడే. వజీరాబీ మెడలో నల్లపూసలు అలాగే ఉన్నాయి. రెండు సంతకాలు రాలేదు, ఇద్దత్ మొదలు కాలేదు. అతని పేరు మీద జనాజా నమాజ్ ఇంతవరకూ ఎవరూ చదవలేదు.